అల్లుడు గారి నమూనా

గోడలు కడగడం కూడా ఒక పనేనా అని పెదవి విరిచేవాళ్ళు ఈ కథ చదవక్కర్లేదు. వెళ్ళి వాళ్ళ ఆఫీసు గోడ ఒకసారి చూసుకుంటే చాలు. అల్లుడు చేసే పని అదే. షాపింగ్ కాంప్లెక్సులు, గోడౌన్లు, బ్యాంకుల మెట్లు, పెట్రోలు బంకుల నేలలు, ఎక్కడ మురికి పేరుకుంటే అక్కడికి ప్రెషర్ వాషర్‌ని వాన్‌లో వేసుకుని వెళ్ళి కడిగి వస్తాడు. గన్ చివర నాజిల్‌లోంచి నీళ్ళు ఎంత ఒత్తిడితో వస్తాయంటే, మరీ దగ్గరగా పెడితే చెప్పు తోలు కూడా లేచి వస్తుంది. ఒకసారి లేచింది. ఆ చెప్పు అత్తగారిది.

అల్లుడికి సొంత పేరు లేకపోలేదు. కానీ వాన్‌లో పక్కన కూర్చునే అత్తగారు "అల్లుడు గారూ" అని రోజుకి ఎన్నిసార్లు పిలుస్తుందో లెక్కలేదు గనక, పని ఇచ్చేవాళ్ళు కూడా అతన్ని అలాగే పిలవడం మొదలుపెట్టారు. అతనికంటే ఇరవై ఏళ్ళు పెద్దవాడైన ఒక బ్యాంకు మేనేజరు కూడా ఫోన్ చేసి "అల్లుడు గారేనా?" అంటాడు. ఇతను ఔనంటాడు. ఇంకేమంటాడు పాపం?

అత్తగారు ముప్పై ఏళ్ళు ఒక పెద్ద ఆసుపత్రిలో శుభ్రత పనివాళ్ళ మీద సూపర్‌వైజరుగా చేసింది. రెండేళ్ళ క్రితం మామగారు పోయాక కూతురింటికి వచ్చింది. వచ్చిన మూడో రోజే, "ఖాళీగా కూర్చుంటే నాకు పిచ్చెక్కుతుంది" అంటూ వాన్ ఎక్కింది. ఇంతవరకూ దిగలేదు. గన్ అల్లుడిది, కన్ను ఆవిడది. ఆవిడ గొడుగు చివరతో చూపిస్తుంది, ఇతను కడుగుతాడు. ఆ కంటికి తిరుగులేదన్న సంగతి అల్లుడికీ తెలుసు. బాధంతా నోటితోనే.

ఆ నోరు ఊరికే తిట్టినా బాగుండేది. అల్లుణ్ణి నువ్వు అనకూడదన్న పద్ధతి ఉంది కదా, అందుకని తిట్టే ప్రతి మాటకీ గౌరవం తగిలిస్తుంది. "తమరికి దేవుడు కళ్ళు రెండూ ఇచ్చాడా అల్లుడు గారూ? మరి ఆ మూల పాచి ఎవరి కోసం అట్టే పెట్టారు?" అంటుంది. గౌరవంగా తిట్టేవాళ్ళకి తిరిగి సమాధానం చెప్పడం ఎంత కష్టమో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. అసలే అల్లుడు నోట్లో నాలుక లేని మనిషి.

నోట్లో లేకపోతేనేం, చేతిలో గన్ ఉంది. కొత్త గోడ దగ్గర పని మొదలుపెట్టేముందు ఒక మూల చిన్న గీత గీసి, నాజిల్ సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం ఈ పనిలో మామూలే. గన్ తిప్పిన చోటల్లా మురికి పోయి, నల్లటి గోడ మీద తెల్లటి గీత పడుతుంది. రెండేళ్ళ క్రితం ఒక గోడౌన్ దగ్గర, అత్తగారు అటు తిరిగి ఉండగా, ఆ గీత ఎందుకో అక్షరాలైంది. 'ఈవిడకి ఏమీ తెలీదు' అని రాశాడు. చదువుకున్నాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే చుట్టుపక్కలంతా కడిగేశాడు. గోడ మొత్తం తెల్లబడేసరికి అక్షరాలు అందులో కలిసిపోయాయి. అప్పటినుంచి ప్రతి గోడకీ ఒక మాట చొప్పున చెప్పుకుంటూ వచ్చాడు. 'వాన్‌లో పాట పెట్టనివ్వదు.' 'టీలో పంచదార వెయ్యదు.' గోడలు ఎవరికీ చెప్పవు, అది వాటిలో ఉన్న మంచి గుణం అని అల్లుడి నమ్మకం.

ఇంకో రెండు సంగతులు చెప్పాలి. వాన్‌లో వెనకాల ఒక గట్టి బ్రష్ ఉంటుంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు, అయినా మూడు నెలలు తిరిగేసరికి అరిగి బోడి అయిపోతుంది. అమ్మినవాడు నాసిరకం అంటగడుతున్నాడని అల్లుడు ఇప్పటికి రెండు కొట్లు మార్చాడు. రెండోది, పని అయిన మర్నాడు పొద్దున్నే అత్తగారు గుడ్డ సంచీ భుజాన వేసుకుని, స్నేహితురాలి ఇంటికంటూ బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఆ స్నేహితురాల్ని ఇంట్లో ఎవరూ చూడలేదు. ఆ రెండు మూడు గంటలూ చెవులకి విశ్రాంతి దొరుకుతుంది గనక అల్లుడు ఆరా తియ్యలేదు.

సరే, ఆ రోజు సంగతికి వద్దాం. పెద్ద రోడ్డు పక్కన మూడంతస్తుల షాపింగ్ కాంప్లెక్స్. రోడ్డు వైపు గోడంతా తెల్ల రాతి పలకలు. తెల్లవి అని మేనేజరు చెబితే నమ్మాలి, చూస్తే మాత్రం బస్సుల పొగ, పాచి, పావురాల పుణ్యం కలిసి పదిహేనేళ్ళుగా నల్లగా మెరుస్తున్నాయి. మొదటి అంతస్తులో పళ్ళ డాక్టరు క్లినిక్. బోర్డు మీద మనిషంత పన్ను ఒకటి నవ్వుతూ ఉంటుంది.

బయల్దేరే ముందే భార్య హెచ్చరించింది. ఆమె ఇంట్లో కూర్చుని ఫోన్లూ బుకింగులూ చూసుకుంటుంది. "అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. అమ్మని వాళ్ళింటికి వచ్చెయ్యమంటున్నాడు. అమ్మ ఊగిసలాడుతోంది. నువ్వేదో అన్నావని అలిగి గానీ వెళ్ళిందా, వెనకాలే నీ బట్టలు కూడా అక్కడికే పంపించేస్తాను."

"నేనెప్పుడైనా ఏమైనా అన్నానా?"

"అనలేదు. అందుకే భయం."

కాంప్లెక్స్ ముందు వాన్ వెనక్కి పెడుతుంటే అత్తగారు దిగి నిలబడి దారి చూపించింది. "రండి, రండి, ఇంకా రండి, చాలా చోటుంది, రండి," అంది. ఆ తర్వాత టప్‌మని పూలకుండీ పగిలిన చప్పుడు. "ఆగమన్నానుగా!" అంది. అనలేదు. ఎప్పుడూ అనదు. చప్పుడు విని మేనేజరూ సెక్యూరిటీ గార్డూ వచ్చారు. వాళ్ళిద్దరి ముందూ అత్తగారు కొంగు సర్దుకుని, నవ్వుతూ, "మా అల్లుడు గారు మంచివారేనండీ. కాస్త పక్కనుండి చెబుతూ ఉండాలి, అంతే," అంది.

గార్డు కిసుక్కుమన్నాడు. అల్లుడికి చెవులు వేడెక్కాయి. పూలకుండీ పగిలినందుకు కాదు, ఆ 'అంతే' అన్న మాటకి.

గోడ కింద నిలిపిన స్కూటర్లు తీయించడానికీ, నీళ్ళ కుళాయి అడగడానికీ అత్తగారు మేనేజరు వెంట పైకి వెళ్ళింది. మేనేజరు ఒక్కో మాటకీ మధ్య ఊపిరి పీల్చుకుని మాట్లాడే మనిషి. అరగంటకి తక్కువ కాదని అల్లుడు లెక్కేశాడు. వాన్ టాంకులో నిన్నటి నీళ్ళు అడుగున కొంచెం ఉన్నాయి. గీత గీసి చూసుకోవడానికి చాలు. పంపు ఆన్ చేశాడు. గన్‌కి పొడుగు రాడ్ తగిలించాడు. మామూలుగా మూల మీద జానెడు అక్షరాలు రాసేవాడు, ఆ రోజు చెవుల వేడి ఇంకా దిగలేదు. గోడ నడిమధ్యకి వెళ్ళి, ఒక్కొక్క అక్షరం నిలువెత్తున, వంకర లేకుండా, పొల్లు పోకుండా రాశాడు.

'అత్తయ్యా, కాస్త నోరు మూసుకోండి.'

కోపంలో కూడా 'మూసుకో' అనలేదు, 'మూసుకోండి' అనే రాశాడు. పద్ధతి పద్ధతే.

నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాడు. నల్ల గోడ మీద ధగధగలాడుతోంది. రెండేళ్ళ బరువు దిగింది. ఇక చెరిపేద్దామని గన్ ఎత్తి నొక్కాడు. గన్ బుస్సుమని దగ్గింది. మూడు చుక్కలు రాలాయి. ఆగిపోయింది. వాన్ టాంకు అడుగంటింది.

ఫర్వాలేదనుకుని కాంప్లెక్స్ కుళాయి దగ్గరికి పరుగెత్తాడు. తిప్పాడు. గాలి వచ్చింది.

"నీళ్ళు రావండీ," అన్నాడు గార్డు, కుర్చీలోంచి కదలకుండా. "పైన టాంకు కడుగుతున్నారు. నాలుగింటి దాకా ఆపేశారు."

అప్పుడు పదకొండయింది.

కొంప మునిగిందని అల్లుడికి అర్థమైంది. మీరే ఆలోచించండి. గోడ మీద బొగ్గుతో రాస్తే కడగొచ్చు, రంగుతో రాస్తే గీకొచ్చు. ఇక్కడ రాసింది శుభ్రంతో. దాన్ని చెరపాలంటే చుట్టూ ఉన్న గోడంతా కడగాలి, లేదా కడిగిన చోట మళ్ళీ మురికి చెయ్యాలి. మొదటిదానికి నీళ్ళు లేవు. రెండోది అతను పుట్టి బుద్ధెరిగాక ఎప్పుడూ చెయ్యలేదు.

గార్డు లేచి వచ్చి గోడ చదివాడు. మీసం దువ్వుకున్నాడు. చేసే పని తక్కువ, ఇచ్చే సలహాలు ఎక్కువ ఉన్న మనిషి. "ఎవరండీ అత్తయ్య? ఇందాక వచ్చినావిడేనా?" అన్నాడు.

"ఆవిడే."

"అయితే ముందర 'దయచేసి' అని ఒక మాట కలపండి. మర్యాదగా ఉంటుంది."

"నీళ్ళుంటే కలపడమెందుకండీ, చెరిపేసేవాణ్ణి కదా!"

వాన్‌లోంచి టార్పాలిన్ లాగాడు. ఇద్దరూ కలిసి నిచ్చెన ఎక్కి పైన కిటికీ చువ్వకి కట్టారు. అది చిన్నది. 'అత్తయ్యా' అన్నంత మేర కప్పింది. ముఖ్యమైంది కప్పేశాం కదా అని అల్లుడు ఊపిరి పీల్చుకుని వెనక్కి తిరిగేసరికి, ఎదురుగా బస్టాపులో ఉన్న పదిహేను మందీ ఇటే చూస్తున్నారు. మిగిలిన గోడ రోడ్డుకేసి నిలువెత్తు అక్షరాలతో 'కాస్త నోరు మూసుకోండి' అంటోంది. ఫోన్లో అరుస్తున్న ఒకాయన అది చదివి, "తర్వాత చేస్తా" అని పెట్టేశాడు. పోట్లాడుకుంటున్న మొగుడూ పెళ్ళాలు చెరో వైపు తిరిగారు. బస్టాపంతా చీమ చిటుక్కుమంటే వినపడేలా అయిపోయింది.

అంతలో మెట్లమీద దబదబ అడుగులు. పళ్ళ డాక్టరమ్మ చేతి తొడుగులు కూడా తియ్యకుండా దిగి వచ్చింది.

"ఎవరు రాశారిది? పొద్దున లేస్తే నోరు తెరవండి, నోరు తెరవండి అని బతిమాలుకునే బతుకు నాది. నా బోర్డు కింద ఇలా రాస్తారా? ఒకాయన గేటు దగ్గర చదివి వెనక్కి వెళ్ళిపోయాడు. కుర్చీలో ఉన్నాయనకి ఎవరో ఫోన్ చేసి చెప్పారట, నోరు తెరవడం లేదు. సగం పన్ను పీకాను!"

"మీ గురించి కాదండీ డాక్టరు గారూ. ఇది మా ఇంటి విషయం." చేసేది లేక అల్లుడు టార్పాలిన్ తాడు విప్పాడు. 'అత్తయ్యా' బయటపడింది.

డాక్టరమ్మ మొత్తం చదివింది. ఒక్క క్షణం ఆమె ముఖం మెత్తబడింది. "మాకూ ఉంది ఒకావిడ," అంది నెమ్మదిగా. అని, వెంటనే సర్దుకుని, "సాయంత్రంలోగా పోవాలి," అని పైకి వెళ్ళిపోయింది.

ఇక మురికి చెయ్యడం తప్ప దారి లేదు. పగిలిన పూలకుండీ మట్టి ఉంది కదా అన్నాడు గార్డు. అల్లుడు తాగే నీళ్ళ సీసా ఆ మట్టిలో ఒంపి, పిసికి, చేత్తో తీసుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి ముందుకు పోలేదు. ఎనిమిదేళ్ళుగా గోడల మీద మచ్చ కనపడితే నిద్ర పట్టని మనిషి, తెల్లగా తళతళలాడుతున్న రాయి మీద మట్టి ఎలా పూస్తాడు? కళ్ళు మూసుకుని 'నో' మీద పూశాడు. కళ్ళు తెరిచాడు. గోడ మురికి నలుపు, కుండీ మట్టి ఎరుపు. తెల్లటి వాక్యంలో 'నో' ఒక్కటి ఎర్రగా వెలిగింది.

"ఇప్పుడింకా బాగా కనపడుతోంది," అన్నాడు గార్డు తృప్తిగా.

తర్వాత గార్డు తన పాత స్కూటరు తెచ్చి, సైలెన్సరు గోడకి ఆనేట్టు నిలబెట్టి, యాక్సిలరేటరు తిప్పడం మొదలుపెట్టాడు. అసలు మురికి బస్సుల పొగే కదా, అదే మందు అని అతని వాదన. పావుగంట ఆ స్కూటరు అరిచింది. ఇద్దరూ దగ్గి దగ్గి కళ్ళు తుడుచుకుని చూస్తే అరచేయంత మచ్చ పడింది.

"ఈ లెక్కన పదిహేనేళ్ళు పడుతుందండీ," అన్నాడు అల్లుడు, ఏడుపు గొంతుతో.

"గోడకి కూడా అంతే పట్టింది మరి," అన్నాడు గార్డు.

జేబులో ఫోన్ మోగింది. భార్య. "అమ్మ ఫోన్ ఎత్తడం లేదు. ఏమైనా అన్నావా?"

"నోటితో ఒక్క మాట అంటే ఒట్టు," అన్నాడు. ఆ మాట నిజమే.

ఫోన్ పెట్టి తలెత్తేసరికి మెట్ల మీంచి మేనేజరూ, వెనకాల గొడుగుతో అత్తగారూ దిగుతున్నారు. అల్లుడు ఒక్క గెంతు గెంతాడు. గోడకి అడ్డంగా నిలబడి చేతులు చాచాడు. గోడ నలభై అడుగులు, అల్లుడు ఐదున్నర.

అత్తగారు ఆగింది. చదివింది. తల కొంచెం పక్కకి వంచి, మళ్ళీ మొదటినుంచి చదివింది. గార్డు స్కూటరు వెనక్కి నక్కాడు. అల్లుడికి బస్సెక్కుతున్న అత్తగారూ, వెనక బస్సులో తన బట్టల మూటా కళ్ళముందు కనపడ్డాయి.

"ఏమిటిది?" అన్నాడు మేనేజరు. ఊపిరి పీల్చుకుని, "ఎవరు రాశారు?" అన్నాడు.

అల్లుడు నోరు తెరిచాడు. మాట అత్తగారి నోట్లోంచి వచ్చింది.

"నమూనా అండీ," అంది, కూరగాయల ధర చెప్పినంత తేలిగ్గా. "ఊరికే చిన్న గీత గీసి చూపిస్తే మీకు తేడా ఏం తెలుస్తుంది? అందుకని మా అల్లుడు గారు అక్షరాలు రాసి చూపిస్తారు. చూడండి, రోడ్డవతల నుంచి కూడా ఎలా చదవగలుగుతున్నారో."

"మరి అత్తయ్యా అని..."

"నేనే రాయమన్నాను. నా కళ్ళజోడు సరిపోతోందో లేదో చూసుకుందామని."

మేనేజరు గోడకేసి చూశాడు, ఆవిడకేసి చూశాడు. దగ్గరికి వెళ్ళి రాయిని వేలితో తడిమాడు. "అబ్బో. తెల్లగానే ఉండేదన్నమాట. గోడంతా ఇలా వస్తుందా?"

"మా అల్లుడు గారి చేతిలో పడ్డాక రాకపోవడమా? నేను పక్కనుండి చెప్పక్కర్లేదు కూడా," అంది అత్తగారు.

మేనేజరు నాలుగింటికి నీళ్ళు వదిలిస్తానని చెప్పి పైకి వెళ్ళిపోయాడు. అల్లుడు కదలకుండా నిలబడ్డాడు. పరాయివాళ్ళ ముందు తన పరువు నిలబెట్టింది. ఇక అసలుది ఇప్పుడు మొదలవుతుంది.

అత్తగారు వాన్ మెట్టు మీద కూర్చుని, గొడుగు చివరతో గోడని చూపించింది. "'మూ' దగ్గర నాజిల్ మరీ దగ్గరగా పెట్టారు. ఇంకాస్తయితే రాయి లేచేది. పోయిన నెల బ్యాంకు దగ్గర ఇంతకంటే పొందిగ్గా రాశారు."

అల్లుడు గిర్రున ఆవిడ వైపు తిరిగాడు. "బ్యాంకు దగ్గరా?"

"'ఊపిరాడనివ్వదు' అని. వెనకవైపు గోడ మీద."

"అది కడిగేశాను కదా అత్తయ్యా!"

"కడిగారు. తడి గోడ మీద ఏమీ కనపడదు అల్లుడు గారూ. తమరు గోడ ఆరేదాకా ఎప్పుడైనా ఉన్నారా? ముందు అక్షరాలు రాస్తారు, తర్వాత గోడంతా కడుగుతారు. అక్షరాలున్న చోట రెండుసార్లు నీళ్ళు పడ్డట్టు కదా. మర్నాడు ఆరాక అంతమేరా ఒక వన్నె ఎక్కువ తెల్లగా తేలుతుంది. పొద్దుటి ఎండ పక్కనుంచి పడితే చంటిపిల్లలు కూడా చదవగలరు."

అల్లుడు వెళ్ళి ఆవిడ పక్కన కూలబడ్డాడు. రెండేళ్ళు. ఎన్ని గోడలు! అన్నిటి మీదా అత్తయ్య ఉందన్నమాట. "మరి ఎవరూ నాకు ఫోన్ చేసి అడగలేదే?"

అత్తగారు వెనక్కి వంగి, వాన్‌లో ఉండే ఆ గట్టి బ్రష్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. అది సగం అరిగి ఉంది. "మొదటి గోడౌన్ దగ్గర గొడుగు మర్చిపోయి మర్నాడు వెళ్ళాను. 'ఈవిడకి ఏమీ తెలీదు' అని ఉంది. అక్కడే నిలబడి ఏడ్చాను. అటునుంచి అటే మావాడింటికి బస్సెక్కుదామనుకున్నాను. తర్వాత, ఆ గోడౌను వాళ్ళు చూస్తే మీ పని పోతుందే అనిపించింది. పక్క కొట్లో బ్రష్ కొని, అక్షరాల అంచులన్నీ రుద్ది గోడలో కలిపేశాను. అప్పటినుంచి ప్రతిసారీ అంతే."

"స్నేహితురాలు?"

"ఇదే." బ్రష్ చూపించింది.

అల్లుడు ఆ అరిగిన బ్రష్‌ని చేతిలోకి తీసుకున్నాడు. తను రాసిన తిట్లు, ఎవరిని తిట్టాడో ఆవిడే, అరవయ్యేళ్ళ వయసులో, మోకాళ్ళ నొప్పులతో, ఒక్కర్తీ బస్సెక్కి వెళ్ళి రుద్దింది. తనేమో ఆ సమయానికి ఇంట్లో హాయిగా కాళ్ళు చాపుకుని పడుకున్నాడు. ఇంకో సంగతి కూడా అప్పుడే తట్టింది. పోయిన ఏడాది ఉన్నట్టుండి ఆవిడ, "ఏదైనా పాట పెట్టండి అల్లుడు గారూ" అంది. ఫ్లాస్కులో టీ తియ్యగా మారింది. వయసు మీదపడి మనిషి మెత్తబడిందని అనుకున్నాడు.

"అంటే, అవన్నీ చదివే..."

"చేతనైనవి మార్చుకున్నాను. తమరు నోటితో చెప్పరు, గోడకి చెబుతారు. గోడలు చదవక ఏం చెయ్యను?" ఆవిడ ఎదురుగా ఉన్న గోడని గొడుగుతో చూపించింది. "ఇది మాత్రం నా వల్ల కాదండీ. మీ మామగారికి చెవుడు. ముప్పై ఏళ్ళు అరిచాను, ఒక్క ముక్క వినలేదు. మీ ఆవిడేమో ఫోన్లో ఉంటుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నేను మాట్లాడితే వినే మనిషి ఈ భూమ్మీద మీరొక్కరే. నోరు మూసుకుని ఏ మూలన కూర్చోమంటారు?"

"తప్పయిపోయింది అత్తయ్యా," అన్నాడు అల్లుడు. రెండేళ్ళలో ఆవిడతో గోడ సాయం లేకుండా చెప్పిన మొదటి మనసులోని మాట అదే.

నాలుగయింది. పైపు బుసకొట్టి నీళ్ళు వచ్చాయి. కిటికీలోంచి డాక్టరమ్మ, "ముందు ఆ 'నోరు' చెరపండి!" అని కేకేసింది. బస్టాపులో సగం మంది బస్సులు వదులుకుని నిలబడ్డారు. అల్లుడు గన్ తీసుకుని గోడ దగ్గరికి నడిచాడు.

"ఆగండి," అంది అత్తగారు. గొడుగు అతని చేతికిచ్చింది. "అదిలా ఇవ్వండి."

"వద్దత్తయ్యా, వెనక్కి తన్నుతుంది."

"ఆసుపత్రిలో మూడొందల మందిని అదుపులో పెట్టాను. ఇదెంత?"

కొంగు బిగించింది. గన్ నొక్కింది. అది తన్నిన తన్నుకి రెండడుగులు వెనక్కి వెళ్ళి అల్లుడి కాలు తొక్కింది, కానీ వదల్లేదు. నీళ్ళు మొదట పళ్ళ డాక్టరు బోర్డు మీదా, తర్వాత గార్డు మీదా పడి, చివరికి గోడకి తగిలాయి. అల్లుడి వాక్యం కింద, నాజిల్ గోడకి ముక్కు ఆనేంత దగ్గరగా పెట్టి, పళ్ళు బిగించి, ఒక్కొక్క అక్షరం రాసింది.

'కుదరదు.'

బస్టాపు బస్టాపంతా చప్పట్లు కొట్టింది. డాక్టరమ్మ కుర్చీలో ఉన్నాయన కూడా కిటికీ దగ్గరికి వచ్చి చదివి నోరు తెరిచి నవ్వాడట, ఆ అదను చూసి ఆమె మిగిలిన సగం పన్ను పీకేసిందట. ఇది గార్డు చెప్పిన మాట, ఎంతవరకు నిజమో తెలీదు.

తర్వాత అల్లుడు గోడంతా కడిగాడు. అత్తగారు పక్కన నిలబడి, గొడుగు చివరతో చూపిస్తూ, చెబుతూనే ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ గుడ్డ సంచీ తీసుకుని గుమ్మం దాటేసరికి, వాన్ స్టార్ట్ అయి ఉంది. అల్లుడు లోపల కూర్చుని ఉన్నాడు. పక్క సీట్లో కొత్త బ్రష్ ఒకటి. పాట పెట్టాడు. పాటని మించిన గొంతుతో అత్తగారు, రాత్రి కూతురు కూరలో ఉప్పు మర్చిపోయిన సంగతి చెప్పింది. అల్లుడు పాట ఆపి విన్నాడు.

వెళ్ళేసరికి కాంప్లెక్స్ గోడ ఆరి ఉంది. పాల మీగడలా ఉంది. ఎండ పక్కనుంచి పడుతోంది. దాని మీద, ఆవిడ చెప్పినట్టే, ఒక వన్నె ఎక్కువ తెలుపులో రెండు వరసలు తేలాయి. గార్డుకి సలహాలు మొదలుపెట్టే అవకాశం ఇవ్వకుండా ఇద్దరూ పనిలో దిగారు. ఆవిడ అల్లుడి వాక్యం అంచులు రుద్దుతానంటే అతను ఒప్పుకోలేదు. తన తిట్టు తనే రుద్దుకుంటానన్నాడు. గంటన్నరలో అది గోడలో కలిసిపోయింది. అత్తగారి మాట దగ్గర మాత్రం చెయ్యి పడిపోయింది. నాజిల్ అంత దగ్గరగా పెట్టి రాసింది కదా, రాతిలోకి దిగింది. అంచులు రుద్దాడు, లోపల రుద్దాడు, సబ్బు వేసి రుద్దాడు. కొత్త బ్రష్ ఆ ఒక్క పొద్దుటికే బోడి అయింది.

"ఇది పోవడం లేదు అత్తయ్యా," అన్నాడు నడుం పట్టుకుని.

అత్తగారు మెట్టు మీద కూర్చుని ఫ్లాస్కులోంచి తియ్యటి టీ పోస్తోంది.

"రాశాను కదా అల్లుడు గారూ, కుదరదని."